అంజయ్య చెప్పని మాట

పద్నాలుగేళ్లుగా ఒక మాట మోస్తున్నాను. అది ఇంకొక మనిషి అన్నాడని నేను చెప్పిన మాట. ఆ మనిషి అనలేదు. నేను చెప్పాను, వాళ్లు కాగితం మీద రాసుకున్నారు, కింద ఆ మనిషి వేలిముద్ర పడింది. ఈ సంగతి నా భార్యకు తెలియదు, మా అన్నకు తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ల మొహం చూస్తే నాకు నోరు పెగలదు.

పేరు రాయను. మాచర్లలో చిన్న వెల్డింగ్ షాపు ఉంది. గేట్లు, కిటికీ గ్రిల్లులు, ట్రాక్టరు ట్రక్కుల డోర్లు చేస్తాను. అందరూ భాయ్ అంటారు. మాకు ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు. అందుకని హిందీలో ఏ ఫోన్ వచ్చినా, బ్యాంకు వాళ్లయినా, లారీ వాళ్లయినా, చుట్టుపక్కల వాళ్లు ఫోన్ తెచ్చి నా చెవికి పెడతారు. "భాయ్, వాడేదో అంటున్నాడు, చూడు" అంటారు. నేను వింటాను, చెబుతాను. నేను చెప్పింది నిజమో కాదో ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఎందుకడుగుతారు?

అసలు సంగతికి రావడానికి ఇంకా చుట్టూ తిరుగుతున్నాను. నాకు తెలుస్తూనే ఉంది.

ఆ ఏడాది సాగర్ కాలువ నీళ్లు మా చివరి ఊళ్లకు రాలేదు. మిరప చేలు నిలువునా మాడిపోయాయి. అప్పటికే మా వైపు నుంచి ఒక్కొక్కరే దూరాలు పోవడం మొదలుపెట్టారు. గుజరాత్‌లో రంగులు తయారుచేసే ఒక ఫ్యాక్టరీకి మనుషులు కావాలని ఒక మేస్త్రి వచ్చాడు. ఏటా కొన్నాళ్లు మెషిన్లు ఆపేసి పెద్ద పెద్ద ట్యాంకులు లోపల గీకి శుభ్రం చేయిస్తారట. షట్‌డౌన్ పని అంటారు. నలభై రోజులు. తొమ్మిదిమంది పోయాం. ఎనిమిదిమందికి తెలుగు తప్ప ఒక్క ముక్క రాదు. తొమ్మిదోవాణ్ణి నేను.

నిజం చెప్పాలంటే నాది మా ఇంటి ఉర్దూ. సగం తెలుగు కలిసి ఉంటుంది. అక్కడ మొదటి రెండు రోజులు గేటు దగ్గర వాచ్‌మెన్ కూడా నవ్వాడు. నాలుగో రోజుకి వాళ్ల మాట పట్టేశాను. అప్పటినుంచి ఫ్యాక్టరీలో ఎవరికి ఏం కావాలన్నా నన్నే పిలిచేవారు. నేను గీకే పని సగం, మాట్లాడే పని సగం. ఛాతీ విరుచుకుని తిరిగేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే ఆ నడక మీదే నాకు ఎక్కువ కోపం వస్తుంది.

మా వాళ్లకొక అలవాటు ఉంది. అది చెప్పకపోతే మిగతాది మీకు అర్థం కాదు. మిరపకాయల కోతకు ముఠాగా పొరుగూళ్లు పోయినప్పుడు, రైతుతో ముఠాలో ఒక్కరే మాట్లాడతారు. ఏ సాలు పట్టాలి, ఎప్పుడు ఆపాలి, అన్నీ ఆ ఒక్కరే. మిగతావాళ్లు రైతు పక్కనే నిలబడి ఉన్నా అడగరు. అడిగితే తమ మనిషిని నమ్మలేదన్నట్టు. చేలో అది బాగానే నడుస్తుంది. మాట తప్పు పోతే మహా అయితే పక్క సాలు కోస్తారు. మేము ఆ అలవాటును మూట కట్టుకుని ఫ్యాక్టరీకి తీసుకుపోయాం. అక్కడ ట్యాంకు మూతల మీద పుర్రె బొమ్మలు ఉన్నాయి. అయినా మా వాళ్లు నా మొహమే చూసేవాళ్లు.

అంజయ్య మా పక్కూరివాడు. నాకంటే నాలుగైదేళ్లు పెద్ద. అన్నా అనేవాణ్ణి. ఎద్దులాంటి మనిషి, గట్టిగా నవ్వితే షెడ్డు అదిరేది. ఆ రంగుల పొడి ఒంటికి పట్టి ఎంత తోమినా పోయేది కాదు. సాయంత్రం పంపు దగ్గర ఎర్ర నీళ్లు, పచ్చ నీళ్లు, నీలం నీళ్లు కారేవి. "భాయ్, మీ పీర్లకు కట్టే రంగు గుడ్డల దట్టీలన్నీ నా ఒంటి మీదే ఉన్నయి, ఈసారి నన్నే ఎత్తుకుని ఊరేగు" అనేవాడు. అతని వెంట కోటయ్య ఉండేవాడు. అంజయ్య భార్య రమణమ్మకు తమ్ముడు. ఈపూరులో ఉండే పేరమ్మకు ఒక్కడే కొడుకు. పాతికేళ్లు దాటినా తల్లికి వాడు పిల్లవాడే. నడికుడి స్టేషనుకు వచ్చి రైలు కదిలేదాకా కిటికీ పట్టుకుని నిలబడింది. అల్లుడితో ఆమె అన్న మాట నేను పక్క సీట్లోంచి విన్నాను. "వాడు ఆత్రగాడు, ముందు దూకుతాడు. రైలు దిగేటప్పుడు గూడా నువ్వే ముందు దిగు అల్లుడా, వాణ్ణి ఎనకమాల దింపు."

అంజయ్య ఆ మాట దాటలేదు. సికింద్రాబాదులో తనే ముందు దిగి వాణ్ణి చెయ్యి పట్టి దింపాడు. కోటయ్య సిగ్గుతో చచ్చిపోయాడు.

ముప్పై ఎనిమిదో రోజు. మర్నాడు సాయంత్రం మా రైలు. టికెట్లు నేనే తీయించాను, నా జేబులోనే ఉన్నాయి. ఇంకో మూడు రోజుల్లో పీర్ల పండగ, మా ఊళ్లో పీర్లు లేస్తాయి. మా తాత, మా నాన్న, తర్వాత నేను, పెద్ద పీరు ఎత్తేది మా ఇంటివాళ్లే. నేను లేకపోతే మా చిన్నాన్న కొడుకు ఎత్తుతాడు. ఒకసారి వాడి చేతికి పోతే మళ్లీ నాకు రాదు. ఇది చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది. ఒక మనిషి ప్రాణానికి నేను కట్టిన వెల ఇదీ. తిండి లేక కాదు, ఎవరో బెదిరించి కాదు. ఊళ్లో నడివీధిలో పీరు ఎవరి భుజం మీద ఉండాలన్న పట్టుదల.

పొద్దున్నే సేఫ్టీ సారు నన్ను పిలిచాడు. మంచివాడే. మెల్లగా చెప్పేవాడు. మూడో నంబరు ట్యాంకు కడగడం కాలేదు, లోపల గ్యాస్ ఉంది, గాలి కొట్టించాలి, రేపు పొద్దున నేనే మిషన్ పెట్టి చూస్తాను, చూశాకే దిగాలి, మీ వాళ్లకు చెప్పు అన్నాడు. నాకు ప్రతి మాటా అర్థమైంది. ఇది గట్టిగా చెబుతున్నాను. భాష రాక జరిగిన తప్పని మీరు అనుకోవద్దు. నేను కూడా చాలా ఏళ్లు అలా అనుకోవాలని చూశాను, కుదరలేదు.

రేపు పొద్దున చూస్తే దిగేది మధ్యాహ్నం, అయ్యేది ఎల్లుండి. రైలు పోతుంది. మొన్న ఇలాగే ఆగమన్న ట్యాంకులో ఏమీ లేదు కదా అనుకున్నాను. వీళ్లు అతి జాగ్రత్త మనుషులు అనుకున్నాను. షెడ్డు దాటి మూడో నంబరు దగ్గరికి నడవడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాల్లో నేను మనసు మార్చుకోవచ్చు. మార్చుకోలేదు. మిగతావాళ్లు అవతలి ట్యాంకుల దగ్గర ఉన్నారు. అక్కడ అంజయ్య, కోటయ్య ఇద్దరే తాడు విప్పుతున్నారు.

"కడగటం అయిపోయిందంట. దిగండి" అన్నాను.

మూడు మాటలు. అంజయ్య తల ఊపి చొక్కా విప్పబోయాడు. మూత కన్నం ఇరుకు. కోటయ్య నవ్వాడు. "నువ్వు ఇరుక్కుంటావు బావా, నేను ముందు దిగుతా" అన్నాడు. అంజయ్య వద్దంటూనే ఉన్నాడు, వాడు కాళ్లు లోపల పెట్టేశాడు. ఆత్రగాడు కదా.

నిచ్చెన మీద నాలుగు మెట్లు దిగాడేమో. చెయ్యి వదిలేశాడు. కేక లేదు. కింద మెత్తగా పడ్డ చప్పుడు వచ్చింది. అంజయ్య మొహానికి తువ్వాలు చుట్టుకుని, ఆ ఇరుకు కన్నంలోంచి భుజాలు గీసుకుపోతుంటే, వెంటనే దిగాడు. నేను ఆపలేదు. ఆపాలని కూడా తోచలేదు. నేను అరుస్తూ పరిగెత్తాను. మనుషులు వచ్చి తాడు లాగేసరికి అంజయ్య కోటయ్యను చంకల కింద పట్టుకునే ఉన్నాడు. ఇద్దరినీ పైకి తీశారు. ఒకడికి ఊపిరి ఉంది.

మూడో రోజు ఆస్పత్రిలో విచారణ. ఒక అధికారి, రాసుకునేవాడు ఒకడు, సేఫ్టీ సారు, మేస్త్రి. మంచం మీద అంజయ్య. ముందు నన్ను అడిగారు. సేఫ్టీ సారు చెప్పిన మాట నీకు అర్థమైందా? అయింది. వాళ్లకు చెప్పావా? చెప్పాను అన్నాను. ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో. తర్వాత అధికారి అంజయ్య వైపు తిరిగి, ఇతను చెప్పాడో లేదో అతన్ని అడుగు అన్నాడు.

అతన్ని అడగమని ఎవరిని పురమాయించాడో చూశారా? నన్నే. నా మీద సాక్ష్యం నన్నే అడిగి నన్నే చెప్పమన్నారు. ఆ గదిలో అది ఎవరికీ వింతగా అనిపించలేదు. తెలుగూ హిందీ రెండూ వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే మరి. మేస్త్రికి హిందీలో నాలుగు ముక్కలు వచ్చు. ఆ సమయానికి అతను లేచి వరండాలోకి పోయి బీడీ కాలుస్తున్నాడు.

"అన్నా, ట్యాంకులోకి దిగొద్దని నేను నీకు చెప్పానా అని అడుగుతున్నారు" అన్నాను. ఆ ప్రశ్న వరకూ నేను మార్చలేదు. ఎందుకో తెలియదు. అతను ఏమంటాడో వినాలనిపించింది కాబోలు.

అంజయ్య మూతి మీది మాస్కు పక్కకు జరుపుకున్నాడు. "లేదు భాయ్. కడగటం అయిపోయిందంట, దిగండి అన్నావుగా." ఊపిరి కోసం ఆగాడు. "నిన్నేమన్నా అంటున్నారా ఏంది వీళ్లు? నీదేముంది అందులో. వాళ్లు నీకు చెప్పింది నువ్వు మాకు చెప్పావు. ఆ మాట గూడా చెప్పు వాళ్లకి."

అధికారి అడిగాడు, ఏమంటున్నాడని.

"నేను వద్దని చెప్పానంటున్నాడు సార్" అన్నాను. "తనే వినలేదంట. పని తొందరగా అయిపోతుందని బావమరిదిని తనే దింపాడంట."

అధికారి కళ్లద్దాల మీదుగా చూశాడు. "అంతసేపు మాట్లాడాడు. ఇంతేనా?"

"చనిపోయినవాణ్ణి తలుచుకుని బాధపడుతున్నాడు సార్" అన్నాను.

అంజయ్య నా వైపే చూస్తున్నాడు. తన మాట వాళ్లకు చేరిందా అన్నట్టు. నేను తల ఊపాను. అతను కుదుటపడి మాస్కు పెట్టుకున్నాడు. రాసుకునేవాడు రాసుకున్నాడు. ఇంకు ప్యాడ్ తెచ్చారు. అంజయ్య బొటనవేలు నేనే పట్టుకుని ఆనించాను. వేలి గీతల్లో అప్పటికే నీలం రంగు ఉంది. నలభై రోజుల రంగు. ఏం కాగితమని అతను అడగలేదు. భాయ్ పట్టుకున్నాడు కదా.

నన్ను ఎవరూ బెదిరించలేదు. కంపెనీ వాళ్లెవరూ నన్ను పక్కకు పిలిచి మాట్లాడలేదు. జైలు భయం ఉంది, నిజమే. కానీ అంతకంటే, మా వాళ్ల ఎదురుగా "భాయ్ అబద్ధం చెప్పాడు" అన్న మాట పడడం నాకు భరించరానిదిగా తోచింది. నన్ను నేను చాలాసార్లు అడిగాను. ఆ గదిలో ఇంకొకరికి తెలుగు వచ్చి ఉంటే నేను నిజం చెప్పేవాణ్ణా? చెప్పేవాణ్ణి. అంటే దొరకనని తెలిసే చేశాను.

పీర్లకు మేము అందలేదు. శవంతో వచ్చాం.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. ఇంకొకటి ఉంది. అది మొదటిదానికంటే చెడ్డది. రాయకుండా దాటేద్దామని రెండు రోజులు షాపు మూసి కూర్చున్నాను.

పని తొందరలో అంజయ్యే దింపాడని కంపెనీ కాగితంలో ఉందని మేస్త్రి ఊళ్లో చెప్పాడు. మాట ఈపూరు చేరింది. కొడుకు దినకర్మలకు పేరమ్మ అల్లుణ్ణి గడప తొక్కనివ్వలేదు. ఎనకమాల దింపమంటే ముందు దింపాడే అని గుండెలు బాదుకుందట. అంజయ్య రొప్పుకుంటూ నా షాపుకు వచ్చాడు. అప్పుడింకా రెండడుగులకోసారి ఆగేవాడు. "భాయ్, నేనట్టా చెప్పలా గదా? నువ్వే గదా దిగమంది?" అన్నాడు. నిలదీయడానికి రాలేదు. నిజంగా అడగడానికి వచ్చాడు.

అప్పుడైనా చెప్పవచ్చు. షాపులో మేమిద్దరమే ఉన్నాం. నేను వెల్డింగ్ అద్దం మొహం మీద నుంచి తీయకుండానే అన్నాను. "రేపటిదాకా ఆగమన్నా అన్నా. నీకు గుర్తులేదా? గ్యాస్ తలకెక్కింది నీకు. డాక్టర్ గూడా అన్నాడు, ముందూ వెనకా గుర్తుండవని."

డాక్టర్ అనలేదు.

అంజయ్య స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "అంతేనంటావా" అన్నాడు. ఆ తర్వాత ఒక ఏడాది పాటు అప్పుడప్పుడూ అడిగేవాడు. రాను రాను అడగడం మానేశాడు. ఒకరోజు తనే అన్నాడు. "నేనే దింపుంటాలే భాయ్. నవ్వుకుంటా దిగాడు వాడు, అది గుర్తుంది. నేనే సరే అనుంటా." నాకు ఆ రోజు తిండి దిగలేదు. మర్నాడు దిగింది.

మనిషి సొమ్ము దొంగిలిస్తే తిరిగి ఇవ్వవచ్చు. అతని తలకాయలో ఉన్న ఒక పొద్దుటిపూటను తీసేసి ఇంకొకటి పెట్టాను. దాన్ని తిరిగి ఎలా ఇవ్వాలి?

తర్వాత నేను చాలా మంచివాణ్ణయ్యాను. అది చూడాలి మీరు. అంజయ్య బరువు పని చేయలేడు, రమణమ్మ కూలికి పోతుంది, అతను రెండు గేదెలను చూసుకుంటాడు. నరసరావుపేటలో ఊపిరితిత్తుల డాక్టర్‌కు నేనే చూపించాను. వాళ్ల అమ్మాయి సుజాతను కాలేజీలో నేనే చేర్పించాను. ప్రతి శుక్రవారం అంజయ్య వచ్చి నా షాపులో స్టూలు మీద కూర్చుంటాడు. టీ తాగుతాం. సొంత తమ్ముడైనా ఇట్టా చూడడని రమణమ్మ నలుగురిలో అంటుంది. ఆ తర్వాత నేను పీరు ఎత్తలేదు. భుజం ముందుకు రాలేదు. స్నేహితుడి కోసం భాయ్ మానుకున్నాడని ఊళ్లో దానికీ మెచ్చుకున్నారు. తప్పు నన్ను పెద్దమనిషిని చేసింది.

పిడుగురాళ్ల సున్నం బట్టీలకు అప్పుడప్పుడు పనికి పోతాను. అక్కడ ఒరిస్సా వాళ్లు పనిచేస్తారు. వాళ్లలో ఒకడికి తెలుగు వచ్చు. ఓనరు చెప్పింది విని వెనక్కి తిరిగి తన వాళ్లకు చెబుతాడు. వాళ్లు తలలు ఊపుతారు. నేను వెల్డింగ్ ఆపేసి ఆ మనిషి నోటి వంక చూస్తూ నిలబడిపోతాను. ఏమయిందని ఓనరు అడుగుతాడు. ఏం లేదంటాను.

పోయిన శుక్రవారం అంజయ్య వచ్చాడు. టీ ముట్టలేదు. పేరమ్మ మంచం పట్టిందట, ఎన్నాళ్లో ఉండదట. "ఆమె బతికుండగానే పోయి ఒప్పుకుంటా భాయ్. నేనే దింపా, తప్పయింది అంటా. కాళ్లు పట్టుకుంటా. పద్నాలుగేళ్లు రమణమ్మను గూడా గుమ్మంలోనించే పంపించింది ఆ ముసల్ది. కూతుర్నన్నా దగ్గరికి తీసి పోవాలి గదా." దగ్గు వచ్చి ఆగాడు. "నాకు ఆయాసం వస్తే మాట మధ్యలో తెగిపోతది. చానా చెప్పాలి ఆమెకి. నువ్వు రా. నువ్వైతే సరిగ్గా చెప్తావు."

నా నేరం తను ఒప్పుకోవడానికి పోతూ, దాన్ని తన తరఫున నన్ను చెప్పమంటున్నాడు.

వస్తానన్నాను. అతను పోయాక ఏం అనుకున్నానో కూడా రాస్తాను. ఈ వారంలోపు ముసలామె పోతే బాగుండును అనుకున్నాను. అనుకున్నాను. ఆ తర్వాతే ఈ కాగితం తెచ్చుకుని కూర్చున్నాను. ఎందుకంటే నా నోటిని నేను నమ్మను. అక్కడికి పోయి నిలబడితే అది మళ్లీ ఏదో ఒకటి అందంగా తిప్పి చెబుతుంది. కాగితం మీద పడింది తిప్పలేను.

శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి బస్సు.

*

ఇది తర్వాత రాస్తున్నది. పైనున్న కాగితాలు ఇప్పుడు నా దగ్గర లేవు. మీకు చూపిస్తున్నది బస్సెక్కే ముందు రోజు నేను తిరగరాసి పెట్టుకున్న నకలు.

కారంపూడి మీదుగా వినుకొండ పోయి, అక్కణ్ణించి ఈపూరు పోయాం. అంజయ్య, రమణమ్మ, కాలేజీకి సెలవు పెట్టి వచ్చిన సుజాత, నేను. బస్సులో అంజయ్య పెదాలు కదులుతూనే ఉన్నాయి. ఏం చెప్పాలో కూడగట్టుకుంటున్నాడు. నా జేబులో కాగితాలు చెమటకు తడిశాయి. వినుకొండలో దిగి మాచర్ల బస్సు ఎక్కేద్దామని ఒకసారి కాదు, మూడుసార్లు అనుకున్నాను.

పేరమ్మ రేకుల గదిలో నులక మంచం మీద ఉంది. చచ్చిపోయేవాళ్లను గడప దగ్గర ఎవరు ఆపుతారు, అందరం లోపలికి పోయాం. అల్లుణ్ణి చూసి మొహం తిప్పుకుంది. అంజయ్య మంచం కోడు పట్టుకుని నేల మీద కూలబడ్డాడు. "అత్తా" అని మొదలుపెట్టి, రెండు మాటలకే ఎగరొప్పుతూ నా వైపు చూశాడు. "చెప్పు భాయ్."

కాగితాలు తీసి సుజాత చేతిలో పెట్టాను. "నేను చెప్పను. నువ్వు చదువమ్మా. ఒక్క ముక్క గూడా వదిలిపెట్టబాకు."

చదివింది. మొదట్లో ఇదేదో ఉత్తరం అనుకుని చదివింది. మూడో నంబరు ట్యాంకు దగ్గర గొంతు మారింది. ఆస్పత్రి దగ్గర ఆగిపోయి నా వైపు చూసింది. "చదువు" అంది రమణమ్మ. ఆ గొంతు నేను ఎన్నడూ వినలేదు. సుజాత చివరిదాకా చదివింది, ముసలామె పోతే బాగుండునని నేను అనుకున్న ముక్కతో సహా. నేను గోడకు ఆనుకుని నిలబడి నా మాటలు ఇంకొకరి నోట విన్నాను. అవి ఒక్కటీ మారలేదు.

ఎవరూ అరవలేదు. అంజయ్య తల ఎత్తాడు. "సుజాతా, ఆ ట్యాంకు కాడి ముక్క ఇంకోసారి చదువు" అన్నాడు. చదివింది. కడగటం అయిపోయిందంట, దిగండి. అంజయ్య వద్దంటూనే ఉన్నాడు.

"వద్దన్నానా నేను?" అన్నాడు. నన్నే అడిగాడు. ఆ రోజు నన్ను అడిగిన మాట అదొక్కటే.

"అన్నావు" అన్నాను. "రెండుసార్లు అన్నావు."

అతను భార్య వైపు తిరిగాడు. "వద్దన్నానంట రమణా" అన్నాడు. ఆ పెద్ద మనిషి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. పేరమ్మ చెయ్యి మంచం అంచు వెంబడి తడుముకుంటూ వచ్చి అతని తల మీద ఆగింది. రమణమ్మ తల్లి కాళ్ల దగ్గర కూర్చుంది.

నన్ను కూర్చోమని ఎవరూ అనలేదు. పొమ్మనీ అనలేదు. కాసేపయ్యాక సుజాత లేచి వచ్చింది. కాగితాలు ఇవ్వబోతుందనుకుని చెయ్యి చాపాను. ఇవ్వలేదు. "ఇవి మా దగ్గర ఉంటయి" అంది. బాబాయ్ అనలేదు. నేను చెప్పులేసుకుని రోడ్డు మీదికి వచ్చాను.

క్షమించమని అడగలేదు. అడిగితే వాళ్ల మీద ఇంకో పని పెట్టినట్టు అవుతుందనిపించింది. ఈ శుక్రవారం అంజయ్య షాపుకు రాలేదు. వస్తాడని నేనూ అనుకోలేదు. సాయంత్రం నా భార్యకు చెప్పాను. రేపు మా ఊరు పోయి మా అన్నకు చెబుతాను. ఆ తర్వాత ఎవరికి చెప్పాలో అంజయ్య వాళ్లు చెబుతారు. కేసు పెడతామంటే ఆ కాగితాలు వాళ్ల దగ్గరే ఉన్నాయి, నేను ఎక్కడికీ పోను.

ఒక్కటి మాత్రం దాచకుండా చెప్పాలి. ఆ రోజు తిరుగు బస్సులో కిటికీ పక్కన ఒక్కణ్ణే కూర్చున్నాను. కారంపూడి దాటుతుంటే గమనించాను, ఊపిరి గుండె నిండా ఆడుతోంది. పద్నాలుగేళ్ల తర్వాత. హాయిగా ఉంది. సిగ్గేసింది. అంజయ్యకు ఇంకెప్పటికీ అలా ఆడదు.